నాలుగు బలాల టేబుల్‌కి ఇంకో రెండు కాలమ్‌లు కావాలి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మీ పేపర్‌లో వచ్చే చదువు పేజీని మా నరసన్నపేటలో ఇంటర్ పిల్లలు కట్ చేసి ఫైల్‌లో పెట్టుకుంటారు. నేను ఇక్కడ ఫిజిక్స్ ట్యూషన్ చెప్తుంటాను, ఆ పేజీ వల్ల ఊళ్ళో పిల్లలకి ఎంత ఉపయోగమో కళ్ళారా చూస్తున్నాను కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నా. మొన్న ప్రకృతిలో ప్రాథమిక బలాలు అని, దేనితో పోలిస్తే ఏది ఎంత బలమో చూపిస్తూ ఒక చిన్న టేబుల్ వేశారు కదా, ప్రబల కేంద్రక బలం (స్ట్రాంగ్ ఫోర్స్) 1, విద్యుదయస్కాంత బలం 1/137, దుర్బల కేంద్రక బలం (వీక్ ఫోర్స్) 10 పవర్ మైనస్ 6, గురుత్వాకర్షణ 10 పవర్ మైనస్ 38, నాలుగే లైన్లు. కింద "గుర్తుంచుకోండి" అని బాక్స్ కట్టారు. దాని గురించే నా బాధంతా.

పేపర్ వచ్చిన సాయంత్రమే ఒక గుంటడు పట్టుకొచ్చి అడిగాడు, "ఏటి మేస్టారూ ఇది, మా టెక్స్ట్‌బుక్‌లో వీక్ ఫోర్స్ మైనస్ 13 అని ఉంది, పేపర్లో మైనస్ 6 అని ఉంది, నా దగ్గరున్న గైడ్‌లో మైనస్ 5 అని ఉంది, ఎగ్జామ్‌లో ఏది పెట్టాలి?" అని. మైనస్ 6కీ మైనస్ 13కీ మధ్య కోటి రెట్లు తేడా అండి. వెయ్యి రూపాయల దగ్గర రూపాయి తేడా వస్తే ఒప్పుకోం, ఇక్కడ కోటి రెట్లు తేడా ఉన్నా అందరూ ప్రింట్ చేసేస్తున్నారు, ఎందుకు తేడా వచ్చిందో ఒక్కరూ చెప్పట్లేదు. పిల్లలేమో ఏ బుక్ వాళ్ళకి ఆ నంబర్ బట్టీ పట్టేస్తున్నారు. ఆ మూడు నంబర్లూ మూడు రకాలుగా నిజమే, కానీ దేన్ని దేంతో పోలుస్తున్నామో, ఎంత దూరంలో పోలుస్తున్నామో చెప్పకపోతే ఏ ఒక్కదానికీ అర్థం లేదు. ఇదే నేను చెప్పాలనుకున్నది.

ముందు గురుత్వాకర్షణ సంగతి చూద్దాం, ఎందుకంటే దీన్ని పిల్లలు కాలిక్యులేటర్‌తో వాళ్ళే చేసుకోవచ్చు. ఒక ఎలక్ట్రాన్, ఒక ప్రోటాన్ తీసుకోండి. కూలుంబ్ 1785లో ఇచ్చిన సూత్రంతో విద్యుత్ ఆకర్షణ లెక్క కట్టండి, న్యూటన్ సూత్రంతో గురుత్వాకర్షణ లెక్క కట్టండి, రెండిట్లోనూ కింద దూరం వర్గమే ఉంటుంది కాబట్టి నిష్పత్తి తీసేసరికి దూరం కొట్టుకుపోతుంది, మిల్లీమీటర్ అయినా కిలోమీటర్ అయినా ఒకటే జవాబు. విద్యుత్ బలం 2.3 ఇంటూ 10 పవర్ 39 రెట్లు ఎక్కువ. బావుంది. ఇప్పుడు ఎలక్ట్రాన్ తీసేసి రెండు ప్రోటాన్లు పెట్టండి, అదే లెక్క 1.2 ఇంటూ 10 పవర్ 36 వస్తుంది. రెండూ ఎలక్ట్రాన్లే పెట్టండి, 4.2 ఇంటూ 10 పవర్ 42 అవుతుంది. అంటే బలాలు అవే, కణాలు మార్చేసరికి నిష్పత్తి పది లక్షల రెట్లు పైగా మారిపోయింది. ఎందుకంటే విద్యుత్ బలం ఛార్జ్‌ని బట్టి, ఛార్జ్ ఎలక్ట్రాన్‌కీ ప్రోటాన్‌కీ ఒకటే సైజు, గురుత్వాకర్షణ మాత్రం ద్రవ్యరాశిని బట్టి, ప్రోటాన్ ద్రవ్యరాశి ఎలక్ట్రాన్ కంటే 1836 రెట్లు.

మీ టేబుల్‌లో మైనస్ 38 అన్నది ప్రోటాన్ల లెక్క. రెండు ప్రోటాన్ల గురుత్వాకర్షణని ప్లాంక్ స్థిరాంకంతోనూ కాంతి వేగంతోనూ కలిపి యూనిట్లు లేని నంబర్‌గా చేస్తే 5.9 ఇంటూ 10 పవర్ మైనస్ 39 వస్తుంది, కొందరు దాన్ని మైనస్ 39 అని రాస్తారు, కొందరు దగ్గరదగ్గరగా మైనస్ 38 అనేస్తారు. రెండూ ఒకటే. అదే పద్ధతిలో విద్యుత్‌కి చేస్తే వచ్చేదే 1/137. ఇంత మాట "ప్రోటాన్లకి" అని ఒక్క ముక్క టేబుల్ మీద రాస్తే సరిపోయేది కదండీ.

ఇంకో లెక్క చేయించాను క్లాసులో, అది మీకు కూడా చెప్పాలనిపిస్తోంది. ఏ సైజు వస్తువుకి ఒక్క ఎలక్ట్రాన్ ఛార్జ్ ఉంటే గురుత్వాకర్షణా విద్యుత్ బలమూ సరిసమానం అవుతాయి? లెక్క కడితే ఒక్కొక్కటి 1.9 మైక్రోగ్రాములు రావాలి. కళింగపట్నం బీచ్‌లో సన్న ఇసుక ఉంటుంది చూడండి, అందులో మిల్లీమీటర్‌లో పదో వంతు ఉండే రేణువు బరువు ఇంచుమించు అంతే. అలాంటి రెండు రేణువులకి చెరో ఎలక్ట్రాన్ ఎక్కువైతే అవి విద్యుత్ వల్ల ఎంత నెట్టుకుంటాయో గురుత్వాకర్షణ వల్ల అంతే లాక్కుంటాయి, ఒకదాన్నొకటి సరిగ్గా కొట్టేస్తాయి. దానికంటే పెద్ద రేణువుకి గురుత్వాకర్షణే గెలుస్తుంది. 10 పవర్ 39 రెట్లు బలహీనం అని బట్టీ పట్టిన పిల్లలు ఈ జవాబు చూసి కాలిక్యులేటర్ మళ్ళీ మళ్ళీ నొక్కుకున్నారు. చిటికెడు ఇసుక తీసుకుని భూతద్దం కింద పెట్టి చూపిస్తే, ఇదిగో ఈ సైజులో అని, అప్పుడు నమ్మారు.

ఇప్పుడు గొడవంతా వచ్చిన వీక్ ఫోర్స్ దగ్గరికి వద్దాం. దీన్ని కొంచెం వివరంగానే రాస్తాను, మీరు కుదిస్తే కుదించండి గానీ ఈ పేరా మాత్రం తీసెయ్యకండి. దుర్బల బలం చూపించేది ముఖ్యంగా కణాలు మారిపోవడంలో, న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఎలక్ట్రాన్‌నీ యాంటీ న్యూట్రినోనీ వదలడం లాంటివి, బీటా క్షయం అంటాం కదా. దీనికి మొదట సరైన సిద్ధాంతం రాసింది ఇటలీ శాస్త్రవేత్త ఫెర్మి, 1933-34లో. ఆయన సిద్ధాంతంలో ఉండే స్థిరాంకాన్ని ప్రోటాన్ ద్రవ్యరాశి వర్గంతో గుణిస్తే వచ్చే నంబర్ 10 పవర్ మైనస్ 5. గైడ్‌లో ఉన్న మైనస్ 5 అదే, మీ టేబుల్‌లోని మైనస్ 6 కూడా దాని పక్కదే. మరి టెక్స్ట్‌బుక్‌లో మైనస్ 13 ఎలా వస్తుంది? బలాన్ని కాకుండా కాలాన్ని పోల్చినా సరిగ్గా ఆ నంబరే వస్తుంది. ప్రబల బలం వల్ల విరిగిపోయే కణాలు 10 పవర్ మైనస్ 23 సెకన్ల లెక్కలో విరిగిపోతాయి, వీక్ ఫోర్స్ వల్ల విరిగే లాంబ్డా (ప్రోటాన్ కంటే కొంచెం బరువైన కణం) లాంటి వాటికి 10 పవర్ మైనస్ 10 సెకన్ల లెక్కలో టైమ్ పడుతుంది, ఒకదాన్నొకటి భాగిస్తే మైనస్ 13. అయితే కణం ఎంత స్పీడుగా విరుగుతుందో అన్నది బలం మీద కాదు బలం వర్గం మీద ఆధారపడుతుంది, కాబట్టి మైనస్ 13కి వర్గమూలం తీయాలి, తీస్తే మైనస్ 6కీ మైనస్ 7కీ మధ్య పడుతుంది. చూశారా, కోటి రెట్లు తేడా అనుకున్నది అసలు తేడానే కాదు, ఒకరు బలం రాస్తే ఒకరు దాని వర్గం రాసినట్టు ఉంది. ఈ సంగతి చెప్పగానే ఆ గుంటడి మొహం వెలిగిపోయిందండి, "మరి ఇది బుక్‌లో ఎందుకు రాయరు మేస్టారూ" అన్నాడు. నాకూ అదే ప్రశ్న.

ఇక్కడితో అయిపోలేదు. ఒకే వీక్ ఫోర్స్ వల్ల విరిగే వాటిలోనే మ్యూయాన్‌కి (ఎలక్ట్రాన్ లాంటిదే, కాకపోతే బరువైన కణం) 2.2 మైక్రోసెకన్లు పడుతుంది, ఒంటరి న్యూట్రాన్‌కి దాదాపు 15 నిమిషాలు పడుతుంది, లాంబ్డాకేమో పైన చెప్పిన అరక్షణంలో అరక్షణం. అదే బలం, విడుదలయ్యే శక్తి ఎంత అన్నదాన్ని బట్టి ఇంత తేడా. కాబట్టి ఏ కణాన్ని తీసుకున్నారో చెప్పకుండా మైనస్ 13 అనడం కూడా కుదరదు.

అసలు దాన్ని "బలహీనం" అనడంలోనే ఒక కిటుకుంది. 1983లో జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధన కేంద్రంలో డబ్ల్యూ, జెడ్ కణాలు దొరికాయి, డబ్ల్యూ ద్రవ్యరాశి ప్రోటాన్‌కి సుమారు 86 రెట్లు, జెడ్‌ది 97 రెట్లు. వీక్ ఫోర్స్‌ని మోసుకెళ్ళేది ఈ బరువైన కణాలే కాబట్టి అది 10 పవర్ మైనస్ 18 మీటర్లు దాటి పోలేదు, అంటే ప్రోటాన్ సైజులో దాదాపు వెయ్యో వంతు. అంత దగ్గరికి వెళ్ళి చూస్తే దాని అసలు బలం సుమారు 1/30, అంటే విద్యుత్‌కున్న 1/137 కంటే ఎక్కువే! దూరం నుంచి చూస్తున్నాం కాబట్టి వీక్‌గా కనిపిస్తోంది, అంతే. ఈ రెండూ ఒకే బలానికి రెండు ముఖాలని చెప్పిన గ్లాషో, సలామ్, వైన్‌బర్గ్‌లకి 1979లో నోబెల్ ఇచ్చింది అందుకే. "వీక్" అన్న పేరు చూసి దాన్ని మూడో ర్యాంకులో కూర్చోపెట్టి పిల్లల చేత బట్టీ పట్టించేస్తే, ఇంత గొప్ప సంగతి వాళ్ళకి ఎప్పటికీ తెలీదు.

ప్రబల బలానికి 1 అని వేశారు. అది కూడా ఒక దూరం దగ్గరే. కణాలని ఎంత ఎక్కువ శక్తితో ఢీకొట్టిస్తే అంత దగ్గరికి వెళ్ళి చూసినట్టు, 91 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర కొలిస్తే అది 0.118, ఇంకా దగ్గరికి వెళ్తే ఇంకా తగ్గుతుంది. దగ్గరయ్యే కొద్దీ వదులైపోయే బలం అన్నమాట, దాన్ని 1973లో గ్రాస్, విల్‌చెక్, పొలిట్జర్ కనిపెట్టారు, 2004లో నోబెల్ వచ్చింది. 1/137 కూడా మారేదే, కాకపోతే ఇది పెరుగుతుంది, ఆ శక్తి దగ్గర ఇంచుమించు 1/128 అవుతుంది. అంటే మీ టేబుల్‌లో ఉన్న నాలుగు నంబర్లలో ఏదీ రాయి మీద చెక్కింది కాదు.

ఈ ప్రబల బలం గురించి మన జిల్లా వాళ్ళకి ప్రత్యేకంగా తెలియాల్సిన మాట ఒకటుంది. రణస్థలం మండలం కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం గురించి ఎన్నో ఏళ్ళుగా మాట్లాడుకుంటున్నాం, అది మంచా చెడా అన్నది ఇంకో ఉత్తరం అవుతుంది, నేను దాని జోలికి పోను. కానీ టీ బడ్డీ దగ్గర చదువుకున్నవాళ్ళు కూడా "అణుశక్తి అంటే స్ట్రాంగ్ ఫోర్స్ బయటికి రావడం" అంటుంటే విన్నాను. యురేనియం కేంద్రకంలో 92 ప్రోటాన్లు ఉంటాయి, ప్రతిదీ మిగతా 91నీ నెడుతుంది, ఎందుకంటే విద్యుత్ బలం దూరంగా ఉన్నవాటిని కూడా అందుకుంటుంది. ప్రబల బలమేమో పక్కన ఆనుకుని ఉన్నవాటినే పట్టుకోగలదు, 10 పవర్ మైనస్ 15 మీటర్ల ప్రాంతంలోనే దాని ఆట, దానికి మూడు నాలుగు రెట్లు దూరం పోతే ఇంక లేనట్టే. న్యూట్రాన్ తగిలి ఆ కేంద్రకం సాగి రెండు ముక్కలయ్యే క్షణంలో పట్టు వదిలిపోతుంది, అప్పుడు ఆ రెండు ముక్కలూ ఒకదాన్నొకటి విద్యుత్ వికర్షణతో తన్నుకుని ఎగిరిపోతాయి. ఒక్కో విచ్ఛిత్తిలో వచ్చే సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల్లో 170 దాకా ఆ ముక్కల పరుగులోనే ఉంటుంది. అంటే రియాక్టర్‌లో నీళ్ళు మరిగించేది చాలావరకు కూలుంబ్ సూత్రమే. టేబుల్‌లో ఒకటో నంబర్ బలం పట్టి ఉంచుతుంది, రెండో నంబర్ బలం పేలుస్తుంది. ర్యాంకు చూసి ఎవరు గెలుస్తారో చెప్పలేం అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

రెండు ప్రోటాన్ల మధ్య ఆ నెట్టుడు ఎంతో కూడా చెప్తాను. 10 పవర్ మైనస్ 15 మీటర్ల దూరంలో లెక్క కడితే 230 న్యూటన్లు. అంటే 23 కిలోల బరువు ఎత్తడానికి పట్టేంత బలం, మైక్రోస్కోప్‌కి కూడా అందని రెండు కణాల మధ్య! అదే దూరంలో వాటి గురుత్వాకర్షణ 1.9 ఇంటూ 10 పవర్ మైనస్ 34 న్యూటన్లు. పిల్లలకి ఈ రెండు నంబర్లూ పక్కపక్కన బోర్డు మీద రాస్తే క్లాసంతా ఒక్క నిమిషం సైలెంట్ అయిపోతుంది, టేబుల్ నాలుగుసార్లు చదివించినా రాని ఫీలింగ్ అది.

మరి ఇంత బలహీనమైన గురుత్వాకర్షణ మనల్ని నేల మీద ఎలా పట్టి ఉంచింది అంటే, ప్రబల, దుర్బల బలాలు కేంద్రకం దాటి బయటికి రావు, విద్యుత్‌లో ప్లస్సూ మైనస్సూ ఉండి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, గురుత్వాకర్షణకి మైనస్ లేదు, కూడుతూనే పోతుంది. ఉద్దానం తోటల్లో కొబ్బరిగెల చూడండి, 6 ఇంటూ 10 పవర్ 24 కిలోల భూమి మొత్తం కింద నుంచి లాగుతుంటే వేలెడంత ముచ్చిక ఆ కాయని పట్టుకుని ఉంటుంది, ముచ్చికలో ఉన్నదంతా అణువుల మధ్య విద్యుత్ బలమే. అయినా భూమిని గుండ్రంగా చేసింది, సూర్యుడి చుట్టూ తిప్పుతున్నది గురుత్వాకర్షణే.

ఆ బలహీనతే నక్షత్రాల సైజు కూడా నిర్ణయిస్తుందండి, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. టేబుల్‌లో గురుత్వాకర్షణకున్న మైనస్ 38ని తిరగేస్తే వచ్చే 10 పవర్ 38ని ఒకటిన్నర ఘాతానికి ఎత్తితే 10 పవర్ 57 వస్తుంది. సూర్యుడిలో ఉన్న ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి ఇంచుమించు అన్నే! ఇది కాకతాళీయం కాదు, సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1930లో ఇంగ్లండ్‌కి ఓడలో వెళ్తూ మొదలుపెట్టిన లెక్కలోంచే ఈ సంబంధం బయటికొస్తుంది, అప్పుడాయన వయసు 19. చల్లారిపోయిన తెల్ల మరుగుజ్జు నక్షత్రం సూర్యుడికి 1.4 రెట్లు దాటి నిలబడలేదన్నది ఆ లెక్క, 1983లో నోబెల్ వచ్చింది. గురుత్వాకర్షణ ఇంకొంచెం బలంగా ఉండి ఉంటే నక్షత్రాలన్నీ ఇంకా చిన్నవిగా ఉండేవి, తొందరగా కాలిపోయేవి.

వీక్ ఫోర్స్‌ది కూడా అలాంటి కథే. సూర్యుడిలో రెండు ప్రోటాన్లు కలవాలంటే ఆ క్షణంలోనే ఒకటి న్యూట్రాన్‌గా మారాలి, అది వీక్ ఫోర్స్ పని, చాలా అరుదుగా జరుగుతుంది, సగటున ఒక ప్రోటాన్ వందల కోట్ల సంవత్సరాలు ఆగాలి. ఆ నిదానం వల్లే సూర్యుడు 460 కోట్ల ఏళ్ళుగా వెలుగుతున్నాడు, ఇంకా దాదాపు 500 కోట్ల ఏళ్ళు వెలుగుతాడు. మన సముద్రపు ఒడ్డునే చూడండి, భావనపాడు నుంచి కళింగపట్నం దాకా నల్లగా మెరిసే ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో థోరియం ఉంది, దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం మారిపోవడానికి పట్టే కాలం, 1400 కోట్ల సంవత్సరాలు. సీసంగా మారేలోపు ఆరు ఆల్ఫాలూ (హీలియం కేంద్రకాలు) నాలుగు బీటాలూ (ఎలక్ట్రాన్లు) వదులుతుంది. ఆల్ఫా రావడంలో ప్రబల బలమూ విద్యుత్తూ పెనుగులాడతాయి, బీటా వీక్ ఫోర్స్‌ది. టెక్స్ట్‌బుక్‌లో చదివే బలాలు మన పిల్లలు ఆడుకునే ఇసుకలోనే పని చేస్తున్నాయని చెప్పడానికి వేరే ఊరి ఉదాహరణ ఎందుకండీ.

ఎంట్రన్స్‌లకి ప్రశ్నలు తయారు చేసేవాళ్ళకి, గైడ్‌లు వేసేవాళ్ళకి కూడా మీ ద్వారా ఒక మాట చెప్పాలనుంది. "దుర్బల బలం సాపేక్ష పరిమాణం ఎంత" అని నాలుగు ఆప్షన్లిచ్చి అడగొద్దు, అందులో మైనస్ 5, మైనస్ 6, మైనస్ 13 మూడూ ఉంటే ఏ పిల్లాడు ఏం చేస్తాడు? రెండు ప్రోటాన్ల మధ్య విద్యుత్ బలం గురుత్వాకర్షణకి ఎన్ని రెట్లో లెక్క కట్టమనండి, కడతారు. గవర్నమెంట్ కాలేజీ పిల్లలు కూడా కడతారు, నేను చూశాను.

మీరు మాత్రం ఆ టేబుల్‌ని దయచేసి ఇంకోసారి వెయ్యండి. నాలుగు బలాల పేర్ల పక్కన రెండు కాలమ్‌లు పెట్టించండి, ఒకటి "ఏ కణాలకి", ఇంకోటి "ఎంత దూరంలో". వీక్ ఫోర్స్ దగ్గర చుక్క గుర్తు పెట్టి, మైనస్ 6 అన్నది బలం లెక్క, మైనస్ 13 విరిగే కాలాల లెక్క అని కింద చిన్నక్షరాల్లో ఒక లైన్ వెయ్యండి. బాక్స్‌లో చోటు చాలకపోతే "గుర్తుంచుకోండి" అన్న హెడ్డింగ్ తీసేస్తే ఆ లైన్ పడుతుంది.

ఇట్లు
మీ పేపర్ రోజూ చదివే ఒక ట్యూషన్ మేస్టారు
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా